తోడు వేసిన కడుపులు

యుద్ధం మూడో ఏడులో పడేసరికి లంకలపేట ఆసుపత్రికి గాయాలతో వచ్చేవాళ్ళకంటే ఆకలితో వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. నిజానికి అది వరి పండే నేల. ఊరు దాటితే కనుచూపు మేర చేలే. కాని నూర్చిన ధాన్యం నూర్చినట్టే లారీలెక్కి సరిహద్దుకి పోయేది. మిగిలిన కాస్త బియ్యం కాలవకి ఇవతల ఉన్న అధికారుల ఇళ్ళకి, ఇంజనీర్ల ఇళ్ళకి, డాక్టర్ల ఇళ్ళకి కార్డు మీద వచ్చేది. కాలవకి అవతల మిల్లుపేట. ఆ ధాన్యాన్ని కోసి, మోసి, మిల్లు ఆడించేవాళ్ళందరూ అక్కడే ఉండేవారు. వాళ్ళ పొయ్యిల్లో పిల్లులు పడుకునేవి.

డాక్టర్ హైమవతి మనుషుల డాక్టరు కాదు. పశువుల కడుపులో గడ్డి ఎలా అరుగుతుందో చదువుకున్న మనిషి. ఒకరోజు ప్రయోగశాలకి వెళుతూ వంతెన మీద ఆగిపోయింది. ఒక తల్లి పసిబిడ్డ నోట్లో తడిపిన గడ్డిపోచ పెట్టి చీకిస్తోంది. గట్టు కింద గేదె ఒకటి అదే గడ్డి పొట్టనిండా మేసి, తీరిగ్గా నెమరేస్తోంది. హైమవతి ఆ పూట ప్రయోగశాలలో ఏ పనీ చేయలేకపోయింది. మర్నాటి నుంచి వేరే పని మొదలుపెట్టింది.

ఏడాది తిరగకుండా ఆ పని అయింది. గడ్డిని అరిగించే సూక్ష్మజీవుల్ని గేదె పొట్టలోంచి తీసి, మనిషి పేగుల్లో బతికేలా మార్చింది. చిన్న గ్లాసుడు పుల్లటి నీళ్ళు, అంతే. ఒక్కసారి తాగితే అవి లోపల కాపురం పెట్టేవి. ఆ తరువాత ఎండుగడ్డి పొడి చేసి జావ కాచుకుని తాగితే అన్నం తిన్నట్టే ఒంటికి పట్టేది. పాలకి తోడు వేస్తే పెరుగైనట్టు ఇది కడుపుకి వేసే తోడని మిల్లుపేటవాళ్ళే దానికి పేరు పెట్టారు.

మొదట్లో మాత్రం ఎవరూ ముందుకి రాలేదు. "మనుసులు గడ్డి తింటారేంటండి?" అని మొహం మీదే అడిగారు. అందరికంటే ముందు తాగింది నూకరత్నం. హైమవతి ఇంట్లో వంట చేసేది ఆవిడే. అప్పటికే మొహం పీక్కుపోయింది, గిన్నె దించే ఓపిక కూడా ఉండేది కాదు.

"భయంగా లేదా రత్నం?" అని అడిగింది హైమవతి.

"మీరు చేసిందే కదండి అమ్మగారు. మీరు మాకు చెడు చేత్తారేంటండి?" అని గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది.

కొద్ది వారాల్లో ఆవిడ బుగ్గలు పూడాయి. భర్త గంగరాజు మిల్లులో బస్తాలు మోసేవాడు. అతనూ తాగాడు. కూతురు భవాని తాగింది. వాళ్ళని చూసి పేటంతా ప్రయోగశాల ముందు బారులు తీరింది. ఆసుపత్రిలో ఆకలి చావులు ఆగిపోయాయి. ప్రభుత్వం మిగతా జిల్లాలకి కూడా తోడు పంపింది. హైమవతికి శాలువా కప్పి, బహుమానంగా ఒక బస్తా సన్నబియ్యం ఇంటికి పంపింది.

నూకరత్నం ఎప్పటిలాగే హైమవతి ఇంట్లో అన్నం వండి, కూర వండి, తన జావ సీసా తీసుకుని పెరటి మెట్ల మీద కూర్చునేది.

"అన్నం వాసన వస్తుంటే తినాలనిపించదూ?" అని అడిగింది ఒకసారి హైమవతి.

"మొదట్లో పేణం లాగేసేదండి. ఇప్పుడలాగేం లేదు. పండక్కి తింటాం లెండి, యుద్ధం అయిపోయేక," అంది నూకరత్నం నవ్వుతూ.

భవానికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు సూరిబాబు సైన్యంలో జవాను, సెలవు మీద వచ్చాడు. నూకరత్నం పెళ్ళికి పిలవడానికి వచ్చినప్పుడు, పప్పు దొరికింది గాని భోజనంలోకి బియ్యం గింజ లేదని, అతిథులకి కూడా జావే పోస్తామని చెప్పింది. చెబుతూ కళ్ళు తుడుచుకుంది. ఒక్కగానొక్క కూతురి పెళ్ళి.

ఆ బస్తా హైమవతికి గుర్తొచ్చింది. ఇంకా మూతి విప్పలేదు.

"ఇది పట్టుకెళ్ళి ఇస్తాను," అంది భర్తతో. శ్రీకర్ పౌర సరఫరాల శాఖలో పెద్ద అధికారి. బస్తా వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఏదో అనబోయి ఆగి, "అంతా ఇచ్చేస్తావా?" అన్నాడు. ఆమె తలూపింది. అతనే బస్తా ఎత్తి ఆటోలో పెట్టాడు.

ముహూర్తం పొద్దున్నే అయిపోయింది. పచ్చి తాటాకుల పందిరి కింద ఆకులు వేశారు. నూకరత్నం గంగాళం మీద మూత తీసింది. ఆవిరి పైకి లేచింది. ముసలివాళ్ళు కొందరు ఏడ్చేశారు. గంగరాజు మొదటి ముద్ద కలిపి, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"అమ్మగారండీ, మీ కడుపు సల్లగుండాలి," అన్నాడు అక్కడినుంచే గట్టిగా.

హైమవతి పక్కన కూతురు చిన్మయి కూర్చుని ముద్దపప్పు కలుపుకుంటోంది. మూడో తరగతి చదువుతున్న పిల్ల. పెళ్ళికొడుకు పక్కన అతని తోటి జవాన్లు నవ్వుతూ తింటున్నారు. అందరికీ వడ్డించాకే తింటానని నూకరత్నం గరిటె పట్టుకుని తిరుగుతోంది. అత్తవారి తరఫువాళ్ళ భోజనాలు కానియ్యమని భవాని పీటల మీదే ఉంది.

రెండో బంతి లేవకముందే గంగరాజు మొలతాడు వదులు చేసుకున్నాడు. మొహమంతా చెమట. "ఏంటో ఉబ్బరంగా ఉందే," అన్నాడు. అవతల ఒక ముసలామె వాంతి చేసుకుంది. ఆ వెనకే ఒక కుర్రాడు పొట్ట పట్టుకుని కూలబడ్డాడు.

హైమవతి గంగరాజు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసింది. డప్పులా బిగిసిపోయి ఉంది. ఊపిరి వేగంగా, పుల్లటి వాసనతో వస్తోంది. ఆ వాసన ఆమెకి తెలుసు. కట్టు తెంపుకుని ధాన్యం రాశి మీద పడి మేసిన గేదె దగ్గర వచ్చే వాసన అది. గడ్డికి అలవాటుపడిన పొట్టలో గింజ పడితే ఆ సూక్ష్మజీవులే దాన్ని క్షణాల మీద పులియబెట్టి యాసిడ్ చేస్తాయి. అది నెత్తురులోకి దిగుతుంది. పశువు నిలువునా పడిపోతుంది.

"తినకండి! ఎవరూ తినకండి! ఆకులు తీసెయ్యండి!" అని ఆమె అరిచింది. "వంట సోడా కావాలి. ఎవరింట్లో ఉన్నా తీసుకురండి!"

మిల్లుపేటలో వంట సోడా ఎవరింట్లో ఉంటుంది? వంటలే లేవు. సూరిబాబూ అతని స్నేహితులూ కాలవ దాటి పరుగెత్తారు. వాళ్ళు పరుగెత్తగలిగారు. వాళ్ళు తిన్నదీ ఆ అన్నమే, వాళ్ళకేమీ కాలేదు. సైన్యంలో ఎప్పుడూ బియ్యమే పెట్టేవారు, తోడు తాగలేదు. చిన్మయికీ ఏమీ కాలేదు. పప్పన్నం ఆకు ముందు పెట్టుకుని, ఏం జరుగుతోందో తెలియక బిత్తరపోయి చూస్తోంది.

సోడా వచ్చింది. నీళ్ళలో కలిపి నోళ్ళు తెరిచి పోశారు. కొందరు తేరుకున్నారు. గంగరాజు తేరుకోలేదు. తడిక పక్కన చాప మీద, కొత్త పంచెలో, పెళ్ళాం చేతిని పట్టుకుని పోయాడు. సాయంత్రానికి పందిరి కింద వరసగా చాపలు పరిచారు.

"కాలవ అవతలోళ్ళు ఇసం పెట్టేసేర్రా!" అని ఎవరో గొంతు చించుకున్నారు.

నూకరత్నం లేచి వచ్చి హైమవతి ముందు నిలబడింది. ఏడవలేదు. "బియ్యంలో ఏం కలిసిందండి అమ్మగారు?"

"ఏమీ కలవలేదు రత్నం," అంది హైమవతి. "బియ్యమే."

ఆ సాయంత్రమే ప్రయోగశాల డైరెక్టర్ పరాంకుశం ఆమె చెప్పిందంతా టీ తాగుతూ విన్నాడు. కప్పు కింద పెట్టి, తుడుచుకున్న కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నాడు.

"మిగతా జిల్లాల నుంచి కూడా ఇలాంటి కబుర్లు వచ్చాయమ్మా," అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. "ఎప్పుడు వచ్చాయి సార్?"

"కొన్నాళ్ళయింది. మనం పరీక్షలు చేసినప్పుడు వాళ్ళ కడుపులో అవి ఇంకా పూర్తిగా పాతుకోలేదు కదా, పిడికెడు అన్నం పెట్టి చూసి పరవాలేదనుకున్నాం. నెలలు గడిచేకొద్దీ మొత్తం ఆక్రమించేస్తున్నాయి. నీ తప్పేం లేదులే."

"నాకెందుకు చెప్పలేదు? జనానికి ఎందుకు చెప్పలేదు? దీన్ని కడుపులోంచి తీసేసే మందు మొదలుపెడదాం. రేపే మొదలుపెడదాం."

"వద్దన్నారు."

"ఎవరు?"

పరాంకుశం కిటికీ వైపు చూపించాడు. దూరంగా మిల్లు, దాని పక్కన గోదాములు కనిపిస్తున్నాయి. "కిందటేడు ఆ గోదాముల మీద జనం ఎన్నిసార్లు పడ్డారో గుర్తుందా? తుపాకులు కాల్చాల్సి వచ్చింది. ఇప్పుడు కాపలావాడు కూడా అక్కర్లేదు. బియ్యం ముట్టుకోలేనివాడు బియ్యం కోసం గొడవ చెయ్యడు కదమ్మా. పైవాళ్ళు చాలా సంతోషంగా ఉన్నారు. ఇంకో సంగతి, మనం పంచాల్సిన పని కూడా లేదిక. ఎంగిలితో అంటుకుంటోంది. తల్లి నమిలి పెట్టిన ముద్దతో పిల్లలకి వచ్చేస్తోంది. వచ్చే తరానికి అన్నం అంటే ఏమిటో తెలియదు. యుద్ధం అయిపోయినా మళ్ళీ మార్చరు."

ఆయన చెడ్డవాడిలా మాట్లాడలేదు. వానల సంగతి చెప్పినట్టు చెప్పాడు. హైమవతి కుర్చీలోంచి లేచి బయటికి నడిచింది.

ఆమె ఇల్లు చేరేసరికి శ్రీకర్ భోజనానికి కూర్చున్నాడు. నూకరత్నం లేదు కాబట్టి తనే వండుకున్నాడు. కంచంలో అన్నం పొగలు కక్కుతోంది.

"గంగరాజు పోయాడు," అంది. "ఇంకా చాలామంది పోయారు."

అతను తల దించుకున్నాడు. ఎలా పోయారని అడగలేదు. ఆ అడగకపోవడమే ఆమెని తాకింది.

"నీకు తెలుసా?"

అతను కంచంలో అన్నం కెలికాడు.

"శ్రీకర్, నీకు తెలుసా?"

"ఆఫీసులో చెప్పారు. బయట అనకూడదని సంతకాలు తీసుకున్నారు."

"నేను బియ్యం ఇస్తానంటే బస్తా నువ్వే ఎత్తి ఆటోలో పెట్టావు."

"ఏదో పిడికెడు పిడికెడు పంచుకుంటారనుకున్నాను హైమా. అంతలా తింటారనుకోలేదు. వద్దంటే ఎందుకని అడుగుతావు. నువ్వు ఊరుకోవు. అప్పుడు నీ గతి ఏమవుతుంది, పాప గతి ఏమవుతుంది? మనం కాలవకి ఏ పక్కనున్నామో నువ్వు కొంచెం గుర్తుపెట్టుకోవాలి."

హైమవతి అతన్నే చూస్తూ నిలబడింది. పదేళ్ళు కాపురం చేసిన మనిషి. అతను ఎడమ చేత్తో మజ్జిగ గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె మిల్లుపేట శ్మశానానికి వెళ్ళింది. రాళ్ళు వేస్తారనుకుంది. ఎవరూ వెయ్యలేదు. చితుల ముందు నిలబడి, జరిగిందంతా మొదటినుంచి చెప్పింది. తోడు ఏం చేస్తుందో, పైవాళ్ళకి ఎప్పటినుంచి తెలుసో, ఎందుకు దాచారో. తన భర్త పేరు కూడా దాచలేదు. జనం కదలకుండా విన్నారు.

"మీకు తెలీదాండి?" అని అడిగింది నూకరత్నం.

"తెలీదు. తెలుసుకోవాల్సింది నేనే."

"అయితే ఇంక జన్మలో అన్నం తినం," అంది నూకరత్నం, తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

అప్పుడు భవాని లేచింది. పసుపు బట్టలు ఇంకా మార్చలేదు. కాళ్ళ పారాణి మీద బూడిద పడి ఉంది. "తినవమ్మా. మనం తినం. మరి మనకక్కర్లేని పంట మనమెందుకు కొయ్యాలి?" అంది.

ఆ మాట అందరి తలల్లోకీ దిగడానికి కొంచెం సేపు పట్టింది.

"మన చేత పని చేయించేది ఆ గింజల ఆశ చూపించేగా? మనకెందుకవి? కొట్లు మూసేత్తామంటారు, మూసుకోమనండి. గడ్డికి ఎవడు తాళమేత్తాడు?"

అది కోతల కాలం. మర్నాడు చేలల్లోకి ఒక్క కొడవలి దిగలేదు. మిల్లు ఆగింది. లారీల మీదికి బస్తాలెత్తేవాళ్ళు లేరు. నాలుగు రోజుల్లో కబురు పక్క జిల్లాలకి పాకింది. కరెంటు కేంద్రంలో బొగ్గు వేసేవాళ్ళు కూడా తోడు తాగినవాళ్ళే, వాళ్ళూ ఇళ్ళకి పోయారు. ప్రయోగశాల చీకటైంది. తొట్లలో వెచ్చగా ఉంచాల్సిన తోడు చల్లబడి చచ్చిపోయింది. పరాంకుశం కుటుంబాన్ని తీసుకుని రాజధానికి వెళ్ళిపోయాడు.

జనాన్ని లొంగదీయడానికి ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. గడ్డివాములు తగలబెట్టమన్నారు. కొన్ని తగలబడ్డాయి. మిల్లుపేటవాళ్ళు అరటి బోదెలు దంచుకున్నారు, చెరకు పిప్పి ఎండబెట్టుకున్నారు, కాలవ గట్టు తుంగ కోసుకున్నారు. ఎన్నని తగలబెడతారు? పెళ్ళి పందిట్లోంచి సోడా కోసం పరుగెత్తిన సూరిబాబు మొదట తుపాకీ కింద పెట్టాడు. అతని వెనక ఇంకా చాలామంది పెట్టారు. వాళ్ళలో ప్రతివాడి ఇంట్లోనూ గడ్డి జావ తాగే తల్లి ఉంది.

కొయ్యని చేల మీద వాన పడింది. వెన్నులు నేలకొరిగి, నీళ్ళలో నాని, పడ్డచోటే మొలకెత్తాయి. వంగి కొయ్యడం కాలవ ఇవతలవాళ్ళకి రాదు. కొందరు ప్యాంట్లు మడిచి దిగారు, కొడవలితో వేళ్ళు కోసుకుని వచ్చేశారు. కార్డు మీద బియ్యం సగమైంది, పావు అయింది, ఆగిపోయింది. ఈసారి ఆసుపత్రికి ఆకలితో వచ్చినవాళ్ళు కార్లలో వచ్చారు.

హైమవతిని ఎప్పుడో ఉద్యోగంలోంచి తీసేశారు. ఇంట్లో మిగిలిన నూకలు గంజి కాచి చిన్మయికి పోసేది. అవీ అయిపోయాయి. ఒక మధ్యాహ్నం పిల్ల బడినుంచి వచ్చి గుమ్మంలోనే కళ్ళు తిరిగి పడింది. హైమవతి పిల్లని భుజాన వేసుకుని, దారిలో ఎవరున్నారో కూడా చూడకుండా వంతెన దాటింది. శ్రీకర్ వెనకాల పిలుస్తున్నాడు. ఆమె ఆగలేదు.

నూకరత్నం వాకిట్లో రోకలితో గడ్డి దంచుతోంది. నుదుట బొట్టు లేదు. చూసి, రోకలి గోడకి ఆనించింది.

"ఏంటండి?"

"పాపకి..." అంది హైమవతి.

నూకరత్నం పిల్ల చెంప మీద చెయ్యి వేసి చూసింది. లోపలికెళ్ళి గ్లాసు నిండా జావ తెచ్చింది. పిల్ల చెయ్యి చాపింది. నూకరత్నం ఇవ్వలేదు.

"ఉత్త జావ తాగితే మీకు అరగదు కదండి. నేను ఎంగిలి చేసి ఇవ్వాలి. ఇచ్చేనంటే ఇంక అన్నం ఇసం. మాకు తాగేటప్పుడు ఎవరూ చెప్పలేదండి. పాపకి మీరు చెప్పండి. దానికి తెలియాల."

హైమవతి కూతురిని కూర్చోబెట్టి చెప్పింది. పిల్ల నీరసంగా వింది.

"పెరుగన్నం కూడా తినకూడదా?"

"తినకూడదు."

"ఎప్పటికీనా?"

"మందు కనిపెట్టేదాకా."

"ఎవరు కనిపెడతారు?"

"నేనే. ఎన్నాళ్ళు పడుతుందో తెలీదు నాన్నా. దొరక్కపోవచ్చు కూడా."

పిల్ల ఆలోచించింది. తరువాత తలూపింది. నూకరత్నం గ్లాసు పెదవులకి ఆనించి ఒక గుక్క తాగి, మిగతాది పిల్లకిచ్చింది. పిల్ల మొహం చిట్లించుకుంటూ చివరిదాకా తాగింది. హైమవతికి ఇంకో గ్లాసు వచ్చింది. ఆమె కూడా తాగింది. పుల్లగా, మట్టివాసనగా ఉంది. ఇన్నాళ్ళూ ఊరంతటి చేతా తాగించిన మనిషికి దాని రుచి తెలిసింది ఇప్పుడే.

"మా ఆయన్ని చంపిన బియ్యం మీ చేత్తోనే వచ్చాయండి," అంది నూకరత్నం. "మీరు తెలిసి చెయ్యలేదు. అయినా మీ మొహం చూత్తే నాకు ఆయనే కనిపిత్తన్నాడు. మీతో మాటాడలేను. కాని ఒక పని మీరే చెయ్యాలి."

ఆవిడ వీధి వైపు చూపించింది. హైమవతి తిరిగి చూసింది. వంతెన మీదినుంచి గుమ్మం దాకా జనం. సిల్కు చీరలవాళ్ళు, టై కట్టుకున్నవాళ్ళు, చంకల్లో పిల్లలతో. ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు.

"పొద్దున్నించీ వత్తానే ఉన్నారండి. భవాని, నేను, మా పేటోళ్ళు అందరికీ ఇత్తాం. లేదనం. ఇచ్చే ముందు ఒక్కొక్కళ్ళకీ మీరు చెప్పండి. మీ నోటితో."

హైమవతి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. వరసని తోసుకుని ముందుకొచ్చి మొదట నిలబడ్డవాడు శ్రీకర్. పరుగెత్తి వచ్చినట్టున్నాడు, ఇంకా రొప్పుతున్నాడు. గడ్డం మాసింది, చొక్కా వేలాడుతోంది. భార్య కళ్ళల్లోకి చూడకుండా, లోపల గ్లాసు వైపు చూస్తున్నాడు.

"ఇది తాగితే ఇక అన్నం తినకూడదు," అని మొదలుపెట్టింది ఆమె. "తింటే..."

"నాకు తెలుసు కదా హైమా," అన్నాడు మెల్లగా.

"తెలుసు," అంది ఆమె. "అయినా వినాలి."

మొదటినుంచి చెప్పసాగింది.